కాలు చాపి చూపించే దుకాణం

పోయిన వారం కోడల్ని దుకాణం గుమ్మంలో, చేతిలో తడిగుడ్డతో నిలబెట్టి వచ్చేశాం. ఎదురుగా బూడిదరంగు కారు ఆగింది. వెనక సీట్లో పాత దుప్పటి కప్పిన వస్తువేదో ఉంది. కారు దిగినావిడ ఎవరో కోడలికి తెలీదు. లోపల పనిగదిలో స్క్రూలు బిగిస్తున్న కోడలి మొగుడు మాత్రం అద్దంలోంచి ఒక్కసారి చూసి, స్టూలు వెనక్కి లాక్కుని, కనబడకుండా జరిగాడు. కొత్తవాళ్ళెవరొచ్చినా తప్పుకోవడం ఆయనకి అలవాటే కాబట్టి కోడలు దాన్ని పట్టించుకోలేదు. అక్కడే పొరపాటు పడింది.

ఈ కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అది గడ్డి మిషన్ల దుకాణం. మనిషి తొయ్యక్కర్లేకుండా తమంతట తామే పెరడంతా తిరిగి గడ్డి కోసే రోబోలు అమ్ముతారు. పెట్టింది కోడలి మామగారు. ఆయన పోయాక రిపేర్లు కొడుక్కీ, అమ్మకాలు కోడలికీ వచ్చాయి. కొడుకు చేతిలో పని బంగారం, నోట్లో మాట మాత్రం కరువు. ఆ లోటు భర్తీ చెయ్యడానికే అన్నట్టు కోడలు ఇద్దరి వాటా మాటలూ తనే మాట్లాడేది.

మామగారికి ఒక పద్ధతుండేది. దుకాణం ముందు దుప్పటంత మేర గడ్డి పెంచి, మిషన్ దాటిపోకుండా దాని చుట్టూ వైరు పాతి ఉంచాడు. కొనడానికి ఎవరొచ్చినా పంచె సర్దుకుని ఆ గడ్డిలో కూర్చుని, చెప్పు విడిచి, కాలు బార్లా చాపి, మిషన్ని తన మీదికే వదిలేవాడు. అది గుర్రుమంటూ వచ్చి, అరికాలికి తగిలీ తగలగానే ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది. "మన కాలు మనం పెట్టలేనప్పుడు, వాళ్ళ పిల్లలు తిరిగే చోట ఎలా పెట్టమంటాం?" అనేవాడు. ఆయన పోయాక ఆ కాలు చాపే పని కూడా కోడలిదే అయింది. మొదట్లో భయపడింది. తర్వాత అరికాలికి చక్కిలిగిలి పుట్టి నవ్వొచ్చేది.

ఇలా సాగుతుండగా మెట్టవీధిలో ఒక ఇంట్లో వీళ్ళు అమ్మిన మిషన్ ఒక పిల్లవాడి కాలు మీదికి ఎక్కింది. మిషన్లు తయారుచేసే కంపెనీ మనిషి వచ్చాడు, నాలుగు ఫోటోలు తీసుకున్నాడు, పిల్లాడు మిషన్ ఎత్తి కాలు కింద పెట్టి ఉంటాడని తేల్చి వెళ్ళిపోయాడు. వీధిలో జనం సగం నమ్మారు, సగం నమ్మలేదు. కోడలు మాత్రం పూర్తిగా నమ్మింది. కూరల దగ్గర, టైలరు దగ్గర, ఎవరు కదిపినా "మా మిషన్ తగిలితే ఆగుతుందండీ, నా కాలే సాక్ష్యం" అని వాదించింది. పిల్లాణ్ణి చూసొద్దామని ఒకటికి రెండుసార్లు అంది. మొగుడు వెళ్ళనివ్వలేదు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది, ఊరుకో" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట రావడం అరుదు కాబట్టి ఊరుకుంది. అప్పట్నుంచీ ఆయన కంచంలో చెయ్యి పెట్టి తీసేస్తున్నాడు. పిల్లాడి మీద జాలనుకుంది.

ఇక గుమ్మంలోకి వద్దాం.

లోపలికొచ్చినావిడ కాళ్ళకి తెల్లటి మెత్తటి బూట్లున్నాయి. జుట్టు ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా వెనక్కి దువ్వి కట్టింది. మిషన్లన్నిటినీ వరసగా చూసి, "పెరట్లో గడ్డి కొయ్యడానికి మిషన్ కావాలి. ఏది తీసుకోవాలో చెప్తారా?" అంది.

"అది చెప్పడానికే కదండీ ఉన్నాం, కూర్చోండి," అంది కోడలు, తడిగుడ్డ పక్కన పడేసి. "ఎంతలో కావాలని నేను ముందడగను మేడమ్. ముందు మీ నేల సంగతి చెప్పండి, తర్వాత డబ్బు సంగతి. మా మామగారి పద్ధతి అది."

"మీరే చెప్పండి. ఏ నేలకి ఏది?"

కోడలికి ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న లేదు. కొంగు దోపుకుని మొదలుపెట్టింది. "చదునుగా, నాలుగు గోడల మధ్య చిన్న లాన్ అనుకోండి, ఇదిగో ఈ బుల్లిది చాలు. చుట్టూ వైరు పాతుతాం, దాటి బయటికి పోదు. ఉన్నవాటిలో చవక. చవకైనదని చిన్నచూపు చూడక్కర్లేదు. అంత చిన్న జాగాకి ఆ మూలనున్న పెద్దదాన్ని కొంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. జాగా పెద్దది, పైన తెరిపిగా ఉందనుకోండి, వైరు గొడవ లేకుండా శాటిలైట్ చూసుకుని నడిచేది ఇదీ. చెట్లు గుబురుగా ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు. ఆకాశం కనబడకపోతే దానికి దిక్కు తెలీదు. చెట్లున్నవాళ్ళకి కెమెరా ఉన్నది ఇస్తాం. ముందు కొంచెం, వెనక కొంచెం, మధ్యలో సన్నటి సందు ఉన్న ఇళ్ళకైతే ఆ సందు వెడల్పు కొలవందే నేను ఏదీ అమ్మను. దూరి ఇరుక్కుపోతే నన్నే కదా తిడతారు!"

ఆవిడ నవ్వలేదు. "వాలు ఉంటే?"

"వాలైతే ఇదీ. నాలుగు చక్రాలూ తిరుగుతాయి, చక్రాలకి పళ్ళుంటాయి, తడి గడ్డిలో కూడా జారదు. దీని ధర నిలబడి వినకూడదు, అందుకే ముందే కూర్చోమన్నాను."

"మాది వాలే," అంది ఆవిడ. "అంత డబ్బు లేక మధ్యరకం తీసుకున్నాం. గడ్డి కూడా సాపుగా రాదు, కుదుళ్ళు కుదుళ్ళుగా లేస్తుంది."

"అంటే మీ దగ్గర ఇప్పటికే ఒకటుందా?"

"ఉంది. మా నాన్న వచ్చి మీ దగ్గరే తీసుకున్నాడు. వారం వాడి చూసి నచ్చితేనే కొనమన్నారట కదా మీరు. మొదట్లో ప్రతి కుదురు దగ్గరా ఆగిపోయేది. మేం లేచి వెళ్ళి తట్టాలి, మళ్ళీ నాలుగడుగులు నడిచి ఆగేది. ఫోన్ చేస్తే మీ ఇంటాయన వచ్చి పట్టుకెళ్ళాడు. మర్నాడు తెచ్చి పెట్టాడు. అప్పట్నుంచీ ఎక్కడా ఆగలేదు."

"ఆయన చెయ్యి పడితే అంతే మేడమ్," అంది కోడలు, గర్వం దాచుకోకుండానే. పనిగది వైపు తిరిగి చూసింది. అద్దం వెనక ఎవరూ కనబడలేదు. "కుదుళ్ళున్న నేలతో అందరిదీ ఇదే గోల. మరి ఇప్పుడు మార్చాలనుకుంటున్నారా? ఇంట్లో ఎవరెవరుంటారు? గడ్డిలో ఎవరు తిరుగుతారు?"

"బాబున్నాడు. నాలుగేళ్ళు."

"చెప్పులేసుకుంటాడా?"

"విసిరేసేవాడు. ఎన్నిసార్లు తొడిగినా విసిరేసేవాడు," అంది ఆవిడ. "ఇప్పుడు ఎడమకాలికి చెప్పు ఎలాగూ పట్టదు. బొటనవేలు, పక్క వేలు లేవు కదా."

 కోడలు ఇంతసేపూ వాగిన వాగుడంతా తన చెవుల్లోనే మళ్ళీ వినబడి సిగ్గుతో చచ్చిపోయింది. కుర్చీ పట్టుకుని, "అమ్మా... మెట్టవీధి..." అంది.

"ఆఁ. అదే ఇల్లు."

"బాబు ఎలా ఉన్నాడమ్మా?"

"నిద్రలో ఏడుస్తున్నాడు. మెలకువగా ఉన్నప్పుడు ఏడవడు, నా మొహం చూస్తాడు." ఆవిడ గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నేను నర్సుని. రోజూ ఎవరెవరికో కట్లు కడతాను. ఆ రోజు నా కొడుక్కి కట్టడానికి గుడ్డ ఎక్కడుందో గుర్తురాలేదు. వాడి చొక్కాయే చింపి కట్టాను."

కోడలు ఏదో అనబోయింది. నర్సు చెయ్యి ఎత్తి ఆపింది.

"వాడు మిషన్ ఎత్తలేదు. మీరు వీధంతా అదే చెప్తున్నారట, అందుకే మీకు చెప్పాలి. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బంతి ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో కూర్చున్నాడు. అది వాడి వైపు వచ్చింది. వచ్చి తగిలింది. ఆగలేదు."

"తగిలితే ఆగుతుందమ్మా," అంది కోడలు. అనాలని అనలేదు. నోటికి అలవాటైన మాట కాబట్టి దానంతట అదే వచ్చేసింది.

"నేనూ అదే అనుకున్నాను," అంది నర్సు. "అందుకే కేక వెయ్యలేదు. అది వాడి వైపు వెళ్తుంటే, తగిలి ఆగుతుంది, వాడు భలే నవ్వుతాడు అనుకుంటూ చూస్తూ నిలబడ్డాను."

 రోడ్డు మీద ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. కోడలికి ఏడుపొచ్చింది గానీ, ఈవిడ ముందు ఏడవడానికి తనకి హక్కు లేదనిపించి మింగేసింది.

"మా నాన్నకి మీరే కాలు చాపి చూపించారట," అంది నర్సు లేచి. "అది చూసే నమ్మి కొన్నాడు. ఇప్పుడు అన్నం ముందు కూర్చుని, ఆ అమ్మాయి కాలు పెట్టిందమ్మా, నా కళ్ళారా చూశాను, అని అదే మాట అంటున్నాడు. నాక్కూడా చూపించండి."

"చూపిస్తానమ్మా," అని కోడలు వరసలోని మధ్యరకం మిషన్ మీద చెయ్యి వేసింది.

"అది కాదు. మాది."

ఆవిడ బయటికి వెళ్ళి కారు తలుపు తీసి, దుప్పటి లాగి, మిషన్ని తనే రెండు చేతులా మోసుకొచ్చి గడ్డి మీద పెట్టింది. శుభ్రంగా కడిగి ఉంది. ముందు అంచున ఒకచోట గీత పడింది, అంతే. చూడటానికి దుకాణంలో ఉన్న తతిమ్మావాటికీ దీనికీ తేడా లేదు.

కోడలు దాన్ని చూస్తూ నిలబడింది. వద్దనొచ్చు. చెడిపోయిన మిషనమ్మా, ముందు మా ఆయన్ని విప్పి చూడనివ్వండి అని మర్యాదగానే తప్పుకోవచ్చు. కానీ వద్దన్న మరుక్షణం ఇన్నాళ్ళు తను వాదించిందంతా అబద్ధమైపోతుంది. ఈవిడ కొడుకు మిషన్ ఎత్తాడని తను పదిమందిలో చెప్పిన మాట కూడా అబద్ధమే అవుతుంది. కోడలికి అంతకంటే భయం వేరే లేదు. ఇక మొండితనం సంగతంటారా, అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొత్తు. చెప్పు విడిచి, చీర సర్దుకుని గడ్డిలో కూర్చుంది. కాలు చాపింది. 

"మీరు నిజంగా నమ్ముతున్నారా?" అని అడిగింది నర్సు, మిషన్ పక్కన వంగి.

"నమ్మకపోతే కూర్చోను."

నర్సు ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో కోపం కాస్త తగ్గినట్టే ఉంది. తర్వాత మీట నొక్కింది.

మిషన్ గుర్రుమంది. ఒక్క క్షణం ఆగి, దారి చూసుకున్నట్టు కొంచెం పక్కకి తిరిగి, తిన్నగా కోడలి కాలి వైపు బయల్దేరింది. అది నడిచేది నత్తనడకే. అదే ఘోరం. ఎవరైనా లేచి తప్పుకోవచ్చు, నాలుగేళ్ళవాడు తప్ప. కోడలు కళ్ళు మూసుకుంది. తను ఎప్పుడూ కళ్ళు మూసుకోలేదన్న సంగతి మూసుకున్నాకే గుర్తొచ్చింది.

"కాలు తియ్యి! అది ఆగదు! తియ్యవే కాలు!"

పనిగది తలుపు గోడకి కొట్టుకుంది. మొగుడు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి, గడ్డి మీద మోకాళ్ళ మీద పడి, మిషన్ని అమాంతం పక్కకి తోసేశాడు. అది తిరగబడి, చక్రాలు గాల్లో కాసేపు తిరిగి, ఆగిపోయింది. ఆయన పెళ్ళాం పాదం రెండు చేతుల్తో పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఏమీ కాలేదు. తగలనేలేదు. ఆయన నోటి వెంట "అమ్మయ్య, అమ్మయ్య" అని వస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అంత గట్టిగా అరవగా కోడలు వినలేదు.

నర్సు కదల్లేదు. తిరగబడ్డ మిషన్ పొట్ట వైపు వేలు చూపించింది. గుండ్రటి పళ్ళెం చుట్టూ బ్లేడులుండాల్సిన చోట ఖాళీ స్క్రూ బెజ్జాలున్నాయి.

"బ్లేడులు ఇంటి దగ్గరే పీకేశాను," అంది. "ఇంకొకళ్ళ కాలు తెగడం నేను చూడలేను. బ్లేడులు లేవని మీకు తెలీదు కాబట్టి అరిచారు." ఆయన వైపు తిరిగింది. "మీ ఆవిడ నమ్మింది, కాలు పెట్టింది. మీరు నమ్మలేదు. కంపెనీ మనిషి ముందు ఎందుకు మాట్లాడలేదు మీరు? మా నాన్న మీ చేతులు పట్టుకుని, బాబూ ఏం జరిగిందయ్యా అని అడిగినప్పుడు, తల దించుకుని వెళ్ళిపోయారే! నేను మీతో పోట్లాడ్డానికి రాలేదు. ఈ అరుపు వినడానికి వచ్చాను."

 కోడలు మెల్లగా తన పాదం ఆయన చేతుల్లోంచి లాక్కుంది.

"ఏం చేశారు?" అంది.

ఆయన తిరగబడ్డ మిషన్ వైపు చూశాడు.

"ఏం చేశారండీ దానికి?"

"డొప్ప కింద..." అని ఆగాడు.  "పైనుండే డొప్ప కదిలితేనే కదా, ఏదో తగిలిందని దానికి తెలిసేది. గడ్డి కుదురు తగిలినా కదుల్తుంది, ఆగిపోతుంది. ఆగిపోతోందని అందరూ తిరిగిచ్చేస్తున్నారు. నువ్వు అంత చెప్పి అమ్మడం, వాళ్ళు వారం తిరక్కుండా తెచ్చి పడెయ్యడం. అందుకని డొప్ప కదలకుండా పాత రబ్బరు చెప్పు ముక్క కోసి బిగించాను. వాడి చూసుకునే ఆ వారం వరకే. కొన్నాక తీసేద్దామనే అనుకున్నాను."

"తీశారా?"

"తీస్తే మళ్ళీ ఆగుతోందని ఫోన్ చేస్తారు కదే."

కోడలు ఆయన మొహం వైపే చూసింది. ఈ మనిషి అబద్ధం చెప్పలేదు. ఆయన అసలు ఏదీ చెప్పలేదు. తనే వాగింది, రెండు వాటాల మాటలూ తనే వాగింది, నవ్వుతూ కాలు చాపి మరీ వాగింది. వీధిలో ఒక పసివాడి మీద నేరం మోపుతూ ఊరేగింది. ఈయన అదంతా వింటూ, సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. ఆవిడకి ఆయన్ని కొట్టాలనిపించింది. దుకాణంలో తన కాలి దగ్గర ఆగే మిషన్లకి ఆ ముక్క పెట్టలేదన్నమాట. బయటికి పంపేవాటికే పెట్టాడు.

ఆ ఆలోచన రాగానే కోడలు లేచి నిలబడింది.

"ఎన్నింటికి పెట్టారు?"

ఆయన గడ్డి పరకలు తెంపుతున్నాడు.

"వీళ్ళదొక్కటేనా? ఏవండీ, మిమ్మల్నే!"

"కుదుళ్ళున్న నేలైతే పెట్టాను మొదట," అన్నాడు. "తర్వాత ఏ నేల ఎలా ఉంటుందో తెలీదు కదా అని... ఈ ఎండాకాలం బయటికి వెళ్ళినవన్నిటికీ."

 ఇంతసేపూ బిగబట్టుకున్న నర్సు కింద గడ్డి మీద చతికిలబడిపోయింది.

కోడలి కళ్ళ ముందు ఇళ్ళు తిరిగాయి. తను కొలిచిన సందులు, తను అడిగి తెలుసుకున్న పిల్లలు. పళ్ళ డాక్టరుగారి కవలలు. బేకరీ వాళ్ళ పాకే పాప. బడి దగ్గర మేడ వాళ్ళ మనవడు, వాడికి కళ్ళు సరిగా కనబడవని ప్రత్యేకంగా చెప్పి మరీ తీసుకున్నారు. ఇవాళ సెలవు. ఎండ ముదరక ముందే కోత అయిపోయేలా టైము పెట్టుకోమని ఇంటింటికీ సలహా ఇచ్చింది తనే. ఎండ ఇంకా ముదరలేదు.

చెప్పు కూడా తొడుక్కోకుండా లోపలికి పరిగెత్తింది. కొన్నవాళ్ళ నంబర్లన్నీ ఉన్న దుకాణం ఫోన్ బల్ల మీదే ఉంది. ఆవిడ చెయ్యి దాని మీద పడేలోపల ఇంకో చెయ్యి పడింది. గ్రీజు మరకల చెయ్యి. ఎప్పుడు లేచాడో, ఎప్పుడొచ్చాడో, మొగుడు బల్లకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"నేనే ఒక్కో ఇంటికీ వెళ్ళి, సర్వీసని చెప్పి తీసేసి వస్తాను," అన్నాడు గొణుగుతూ. "ఎవరికీ తెలియక్కర్లేదు. ఫోన్ చేసి చెప్పావంటే దుకాణం పోతుంది. నేను జైలుకి పోతాను. నాన్న పేరు పోతుంది. సాయంత్రంలోగా అన్నీ తీసేస్తాను, నీ మీదొట్టు."

"సాయంత్రంలోగా," అంది కోడలు.

బయట గడ్డి మీద కూర్చున్న నర్సు తలుపులోంచి వాళ్ళిద్దరినీ చూస్తోంది. 

"చెయ్యి తియ్యండి," అంది కోడలు.

ఆయన ఫోన్ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.